చుక్క ఎక్కడ అంటించాలి

ఫైరింజన్‌ని బయట వానలో నిలబెట్టి
దాని చోట మాకు కుర్చీలేశారు.
గోడ మీద నాలుగు పటాలు,
నాలుగింటి కిందా ఒకటే ఏడు: రెండువేల అరవై.
కాట్‌బుస్ నించి వచ్చిన అమ్మాయి
పప్పుబెల్లాలు పంచినట్టు
తలా మూడు ఆకుపచ్చ చుక్కలిచ్చి
"నచ్చిన రేపటి మీద అంటించండి" అంది.

మొదటి పటంలో బొగ్గుగని సరస్సైంది.
తెల్ల తెరచాపలు, నీళ్ల మీద తేలే సౌరఫలకాలు,
ఒడ్డున ఐస్‌క్రీం బండి.
బండి చుట్టూ ఉన్నవాళ్లంతా ముప్ఫై ఏళ్లవాళ్లే,
ఒక్కరికీ మోకాళ్ల నొప్పుల్లేవు.

రెండోదాన్నిండా గాలిమరలు.
లెక్కపెట్టబోయి నూటపదకొండు దగ్గర వదిలేశాను.
"కరెంటు బెర్లిన్‌కి, బిల్లు మనకి"
అన్నాడు వెనకనించి బ్యర్నత్.

మూడోదాంట్లో ప్రతి ఊరికీ తన మర, తన బ్యాటరీ,
తన లెక్కల పుస్తకం.
వారానికి నాలుగు మీటింగులుంటాయన్న సంగతి
ఎవరూ బొమ్మ వెయ్యలేదు.

నాలుగోది ఎండ.
స్ప్రే నది ఉండాల్సిన చోట తుప్పురంగు గీత.
నాన్న పుట్టకముందు నించీ
గనిలోంచి తోడిపోసిన నీళ్లతోనే నది నడుస్తోంది.
పంపులు ఆగిన రోజున
దానికీ మాలాగే ఉద్యోగం పోతుంది.
తెలియని సంగతేం కాదు.
గోడ మీద చూడ్డం వేరు.

నాన్న మెర్చిన్ ముప్ఫై ఏడేళ్లు
ఆ వంతెన యంత్రం మీద పనిచేశాడు.
ఈ చివర మాట ఆ చివరికి చేరాలంటే
సైకిలెక్కాల్సినంత పొడుగు.
ఎనభై ఆరులో అది బ్రెజంకిని తింది.
ముప్ఫై నాలుగు ఇళ్లు, ఒక చర్చి, నాన్న పుట్టిన గది.
షిఫ్టు మార్చుకోరా అంటే
"పరాయివాడు తవ్వేకన్నా నయం" అన్నాడట.
వోర్షా అవ్వ రెండేళ్లు పలకలేదు.
ఈస్టరుకి బాతు ఈకతో గుడ్ల మీద మైనం గీతలు గీస్తూ
కొడుకు గుడ్డొక్కటీ తెల్లగా వదిలేసేది.

నేను మరలెక్కుతాను. నూటనలభై మీటర్లు.
పైన కొక్కెం తగిలించుకుని చూస్తే
ఆయన తవ్విన గొయ్యి, నేను బిగించిన బోల్టు
ఒకే చూపులో పడతాయి.
జూలైలో ఆ పెట్టె లోపల నలభై ఆరు డిగ్రీలు.
శుభ్రమైన కరెంటుకీ చెమట కంపు ఉంటుంది.

"మనం భవిష్యత్తుని ఎంచుకుంటున్నాం" అంది ఆ అమ్మాయి.
తను కూడా ఉన్న మనమో,
తను రాత్రి రైలెక్కాక మిగిలే మనమో
జర్మన్‌లో తేలదు.
మా సార్బు భాషలో ద్వివచనం ఇంకా చావలేదు.
ఒకరు, ఇద్దరు, ఆ తర్వాతే చాలామంది.
ఇద్దరు కలిసి దీపం వెలిగిస్తే
దానికి వేరే క్రియ.
ఈ పటాల్లో ఏకవచనం ఉంది, అది కంపెనీ.
బహువచనం ఉంది, అది జనాభా.
మధ్యలోది వెతుకుతున్నాను.

నాన్న లేచాడు. కళ్లద్దాలు తుడుచుకుని
మొదటి పటం దగ్గరకెళ్లి
చుక్కని ఐస్‌క్రీం బండి మీదే అంటించాడు.
నచ్చిందా అని అమ్మాయి నవ్వింది.
"కాదు. ఈ ఒడ్డు నేను పోసిన మట్టి.
వదులుది. అడుగున తడిస్తే
ఒక మధ్యాహ్నం చెప్పకుండా జారిపోతుంది.
బండిని ఇంకో మూడొందల మీటర్లు వెనక్కి జరపండి.
పిల్లలొస్తారు కదా."

సాయంత్రం మొత్తంలో మొదటిసారి
ఆ అమ్మాయి కలం మూత తీసింది.
"ఇంకా ఎక్కడెక్కడ పోశారు?" అని
కుర్చీ ఆయన పక్కకి లాక్కుంది.
పటం మీద రెండు తలలు వంగాయి.

నా చుక్కలు నేనింకా అంటించలేదు.
ఒకటి వేలికి, ఒకటి ఫోను వెనక.
మూడోది నాన్న కోటు మోచేతికి అంటుకుని
వానలో ఇంటిదాకా వచ్చింది.
ఆయనకి చెప్పలేదు.